అన్న తినని కోడిరెక్కలు

మా అన్న పోయిన మూడో రోజు పురానాపూల్ దగ్గర, మూసీ ఒడ్డున శ్మశానంలో పిట్టకు పెట్టాం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, దూరంగా జరిగి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూడటం మా ఇళ్లలో పద్ధతి. ముట్టిందంటే మనిషి తృప్తిగా వెళ్లినట్టు. ముట్టలేదంటే ఏదో మనసులో ఉండిపోయినట్టు. వదిన తెల్లవారకముందే లేచి తలకాయ కూర, బోటి వండింది. జొన్నరొట్టెలు చేసింది. వాటి పక్కన సీసాలో కల్లు, ఒక బీడీల కట్ట, గ్లాసు నిండా చిక్కటి పాలు పెట్టాం. ఛత్రినాకలో మూడు తరాలుగా బర్రెల మీద బతికిన ఇల్లు మాది. చావైనా పెళ్లయినా పాలు లేకుండా మాకు ఏదీ నడవదు.

గంట గడిచింది. పావురాలు వచ్చాయి. గద్దలు పైన చక్కర్లు కొట్టాయి. ఒక కుక్క వస్తే అదిలించారు. కాకి జాడ లేదు. ఇలాంటప్పుడు దగ్గరివాళ్లు విస్తరి ముందుకు వెళ్లి, పోయినవాడి మనసులో ఏముందో ఊహించి, పైకి మాట ఇస్తారు. మా చిన్నాన్న వెళ్లి, "బర్రెలను అమ్మం. నువ్వు ఫికర్ జెయ్యకు" అన్నాడు. అయినా కాకి రాలేదు. అప్పుడు వదిన నా వైపు తిరిగింది.

"తమ్మీ, ఆ అద్దాల బార్ల తిన్న కోడిరెక్కలు అడుగుతున్నడేమో. నువ్వే గద తినిపిచ్చినవు. జెర తెప్పియ్యరాదు."

అందరూ నన్నే చూస్తున్నారు. ఫోన్ తీసి ఆర్డర్ పెట్టాను. ముప్పావుగంట తర్వాత ఒకాయన బండి మీద శ్మశానం గేటు దాకా వచ్చి, లోపలికి రావడానికి జంకి, అక్కడే డబ్బా అందించి వెళ్లిపోయాడు. వదిన ఆ రెక్కలను ఒక్కొక్కటిగా విస్తరిలో పేర్చింది. మళ్లీ గంట చూశాం. ఎండ నెత్తి మీదికి వచ్చింది. చివరికి పెద్దలు, ఇక చాలు, విస్తరిని నీళ్లలో వదిలేయమన్నారు.

అందరూ ఆశ్చర్యపోయారు. నేను ఆశ్చర్యపోలేదు. ఎందుకంటే మా అన్న ఆ రెక్కలను జన్మలో ఎప్పుడూ తినలేదు. ఆ సంగతి అక్కడున్న వాళ్లలో నాకొక్కడికే తెలుసుననుకున్నాను.

అన్నకు క్రికెట్ పిచ్చి. చిన్నప్పుడు బస్తీలో టెన్నిస్ బంతితో బౌలింగ్ వేస్తే పెద్దవాళ్లు కూడా బ్యాటు కింద పెట్టేవాళ్లట. ఇది అన్న చెప్పిన లెక్క, కొంత తగ్గించుకోవచ్చు. బాపు పోయాక ఏడో తరగతిలోనే బడి మానేసి పాలక్యాన్లు ఎత్తుకున్నాడు. ఆ పాలే నన్ను డిగ్రీ దాకా, ఆపైన బ్యాంకు కుర్చీ దాకా మోసుకొచ్చాయి. అన్నకూ వదినకూ పిల్లలు లేరు. ఉన్న పిల్లవాణ్ణి నేనే. నాకు యాభై దాటినా నా గ్లాసులో పాలు తగ్గాయా అని చూసేవాడు.

మా బస్తీ వైన్ షాపు పక్కన పర్మిట్ రూమ్ ఉంది. తడి బల్లలు, పల్లీల పొట్టు, గోడ మూలకు వేలాడే చిన్న టీవీ. అందులో ఆటగాళ్లు కనిపిస్తారు గానీ బంతి కనిపించదు. "బాల్ ఏడికి పోయిందో మనమే అనుకోవాలె తమ్మీ" అనేవాడు అన్న. అయినా ఒక్క మ్యాచ్ వదిలేవాడు కాదు.

మూడేళ్ల కింద నాకు ప్రమోషన్ వచ్చింది. మా బ్యాంకువాళ్లు పార్టీ అన్నారు. బంజారాహిల్స్‌లో కొత్తగా పెట్టిన స్పోర్ట్స్ బార్‌కు వెళ్దామన్నారు. తాగుతూ మ్యాచ్ చూడొచ్చు, ఆటలు ఆడొచ్చు. నేను ఇంట్లో ఫోన్‌లో ఆ బార్ ఫొటోలు చూస్తుంటే అన్న నా భుజం మీద నుంచి తొంగిచూశాడు. గోడంత టీవీ. అంతసేపు ఏ దేవుడి పటాన్నీ చూసి ఉండడు.

"ఒక్కపారి నన్ను గూడ తోల్కపో తమ్మీ. మూలకు కూసుంట. నోరు గూడ మెదప."

"నోరు మెదపకుంట మ్యాచ్ సూస్తవా, నువ్వు?" అని నవ్వి, సరేనన్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నమే బయల్దేరాలని అన్న సాయంత్రం పాలు వదినకొక్కదానికే అప్పజెప్పాడు. పెళ్లయ్యాక అలా చేయడం అదే మొదలు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. తలకు నూనె పెట్టుకున్నాడు. బర్రెల వాసన వస్తుందేమోనని ముందురోజే పత్తర్‌గట్టీకి పోయి అత్తరు కొనుక్కొచ్చి మెడకూ మణికట్లకూ పట్టించాడు. స్కూటర్ మీద నా వెనక కూర్చుంటే ఆ రెండు వాసనలూ కలిసి నా ముక్కుకు తగిలాయి. పురానాపూల్ దాటి, కార్వాన్, మెహిదీపట్నం దాటి వెళ్తున్నంతసేపూ అన్న ఏదో చెబుతూనే ఉన్నాడు. నేను మాత్రం మా మేనేజర్ పక్కన అన్నను ఎక్కడ కూర్చోబెట్టాలా అని ఆలోచిస్తున్నాను.

ఆ బెంగ ఎక్కువసేపు పడే అవసరం రాలేదు. తలుపు దగ్గర నల్ల కోటు వేసుకున్న గార్డు నాకు సలాం చేసి, అన్న పాదాల వైపు చూశాడు. పక్కనున్న బోర్డు చూపించాడు. దాని మీద చెప్పు బొమ్మ, ఆ బొమ్మ మీద అడ్డంగా ఎర్రగీత. అన్న తన తోలుచెప్పులను చూసుకున్నాడు. బూట్లు ఆయనకు ఎప్పుడూ లేవు. పేడలో, బురదలో తిరిగే కాళ్లకు బూట్లెందుకు?

గార్డు మర్యాదగానే మాట్లాడాడు. అతన్ని తప్పుపట్టను.

"గంతే గద" అన్నాడు అన్న. "నువ్వు పో తమ్మీ. మీ సార్లు ఎదురుసూస్తుంటరు. నేను గీ గోడ మీద కూసుంట."

"పది నిమిషాలల్ల వస్త" అన్నాను.

నిజం రాస్తున్నాను. ఆ చెప్పులు నాకు ఒక సాకుగా దొరికాయి. లోపలికి అడుగుపెట్టినప్పుడు చల్లటి గాలి మొహానికి తగిలి ప్రాణం హాయిగా అనిపించింది. ఆ హాయి ఏసీది మాత్రమే కాదు.

లోపల పెద్ద హాలు. గోడంత తెర, దాని చుట్టూ ఇంకో డజను తెరలు. ఒక పక్క పూల్ టేబుళ్లు, ఒక పక్క బాణాలు విసిరే పలకలు, చివర బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ దారులు. మావాళ్లు నాకు అద్దానికి ఎదురుగా కుర్చీ ఉంచారు. అక్కడి నుంచి చూస్తే బయట పూలకుండీల పక్కన పిట్టగోడ మీద అన్న తెల్ల చొక్కా కనిపిస్తోంది. నేను కుర్చీ మార్చుకున్నాను. అద్దానికి వీపు పెట్టి కూర్చున్నాను.

బీర్లు వచ్చాయి. కోడిరెక్కలు వచ్చాయి. తర్వాత బౌలింగ్ ఆడదామన్నారు. అక్కడ మామూలు బూట్లతో ఆడనివ్వరు, వాళ్ల బూట్లే వేసుకోవాలి. కౌంటర్ వెనక అలమరా నిండా బూట్లు, అన్ని సైజుల్లో, జతలు జతలుగా. నేను నా సైజు చెప్పి ఒక జత తీసుకున్నాను. లేసులు కట్టుకుంటుంటే, అన్నకు కూడా ఒక జత అడిగితే ఇస్తారు కదా అనిపించింది. బాగా గుర్తుంది, కుడికాలి లేసు కడుతున్నప్పుడు అనిపించింది. ఎడమకాలిది కూడా కట్టుకుని లేచి వెళ్లి ఆడాను.

పది నిమిషాలు అన్నవాణ్ణి మూడు గంటలు ఉన్నాను. మ్యాచ్ అయిపోయాక బయటికి వచ్చాను. అన్న గోడ దిగి ప్యాంటు దులుపుకున్నాడు.

"ఎవలు గెలిచిన్రు?" అన్నాడు.

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. మ్యాచ్ చూడటానికని వచ్చిన మనిషికి, గోడ మీద కూర్చుంటే ఎవరు గెలిచారో కూడా తెలియలేదు. చెప్పాను. దారి పొడవునా ప్రశ్నలే. ఎన్ని పరుగులకు ఎవరు ఔటయ్యారు, లోపల ఎట్లుంటది, టీవీ ఎంత ఉంటది, కుర్చీలు మెత్తగుంటయా, ఏమేం ఆటలుంటయి. నాకు విసుగొచ్చింది, అయినా చెప్పాను. ఎందుకు అడుగుతున్నాడో అప్పుడు తట్టలేదు.

తెల్లారి కొట్టం దగ్గర తట్టింది. పాల కోసం గిన్నెలు పట్టుకొచ్చిన వాళ్ల మధ్య నిలబడి అన్న చెబుతున్నాడు. "గోడంత టీవీ బై. బాల్ మీద కుట్లు గూడ కనవడ్డయి. మా తమ్ముడు మస్తు తినిపిచ్చిండు, మస్తు ఆడిపిచ్చిండు." దారిలో నేను చెప్పినదంతా వరసగా అప్పజెబుతున్నాడు. బయట కూర్చోబెట్టి వెళ్లిన తమ్ముణ్ణి నలుగురిలో నిలబెట్టడానికే అవన్నీ అడిగి తెలుసుకున్నాడు. వదిన పక్కనే బర్రె పొదుగు కడుగుతోంది.

అప్పుడు నేను నోరు మూసుకుని ఉన్నా కొంత నయంగా ఉండేది. కానీ నాకు నోటిదూల. "కోడిరెక్కలు నాలుగు ప్లేట్లు లాగించిండు. అయిదోది నేనే వద్దన్న" అన్నాను.

అన్న ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. "నాలుగా? లేదు, మూడే" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అలా ఆ రెక్కలు మా ఇంటి కథల్లో చేరిపోయాయి. బోనాలకు చుట్టాలొస్తే చెప్పేవాడు. పర్మిట్ రూమ్‌లో చెప్పేవాడు. నేను ఎదురుగా ఉంటే సంఖ్య మూడు దాటనిచ్చేవాడు కాదు. ఆ రోజు గురించి మేమిద్దరం మాత్రమే ఉన్నప్పుడు ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. అడుగుదాం, క్షమించమందాం అని అనుకుంటూనే రెండేళ్లు దొర్లించాను. పోయిన వేసవిలో ఒక తెల్లవారుజామున పాలు పిండుతూ పిండుతూ, బకెట్ మోకాళ్ల మధ్య ఉండగానే అన్న పక్కకు ఒరిగిపోయాడు. గుండె అన్నారు డాక్టర్లు. బకెట్‌లో పాలు సగానికి వచ్చి ఉన్నాయి.

సంవత్సరీకం వారం ఉందనగా వదిన అడిగింది.

"ఏడాది తిరగకముందే ఆయన పోయిన ఆ బారు నాకు సూపియ్యి తమ్మీ."

"నీకెందుకొదినా అది? ఆడ అంత లొల్లి లొల్లి ఉంటది."

"ఆయన అంత సంబురపడ్డ జాగ. సూడాలె."

మాదన్నపేట మార్కెట్‌కు తప్ప ఇల్లు కదలని మనిషి. వద్దనడానికి నా దగ్గర కారణం లేదు. ఉన్న కారణం చెప్పే ధైర్యం లేదు. మధ్యాహ్నం పూట స్కూటర్ మీద తీసుకెళ్లాను. వదిన నేత చీర కట్టుకుంది. కాళ్లకు రోజూ వేసుకునే హవాయి చెప్పులే.

గార్డు మారాడు. ఈయన వదిన పాదాల వైపు చూడనే లేదు, ఆడవాళ్లకు ఆ నియమం లేదేమో. "రండమ్మా" అని తలుపు తీశాడు. వదిన మాత్రం గడప దగ్గర ఆగింది. బోర్డు మీది చెప్పు బొమ్మను, దాని మీది ఎర్రగీతను చూసింది. చదువు రాకపోయినా అర్థమయ్యే బొమ్మే అది. తర్వాత లోపలికి వచ్చింది.

ఆ వేళకు హాలు ఖాళీగా ఉంది. తెరల మీద ఏదో పాత మ్యాచ్ నడుస్తోంది, చూసేవాళ్లు లేరు.

"ఏడ కూసున్నడు?"

పెద్ద తెరకు ఎదురుగా ఉన్న ఒక కుర్చీ చూపించాను. వేలు దానంతటదే లేచింది. వదిన ఆ కుర్చీలో కూర్చుని, చేతులతో దాని అంచులు తడిమింది. "మెత్తగున్నది" అంది.

నాకు బీరు, ఆమెకు నిమ్మసోడా చెప్పాను. బీరు రాగానే వదిన నా గ్లాసు అందుకుని నాలుగు చుక్కలు నేల మీద వదిలింది. తాగేముందు నేలతల్లికీ, పోయినవాళ్లకూ అలా సాక పోయడం మా అలవాటు. మట్టి నేలయితే వెంటనే పీల్చుకుంటుంది. ఇక్కడ నున్నటి చెక్క మీద చుక్కలు అలాగే నిలబడ్డాయి. ఒక పనామె పరుగున వచ్చి, "పర్లేదు మేడం" అంటూ గుడ్డతో తుడిచేసింది.

"తుడిచేసిన్రు" అంది వదిన మెల్లగా.

కోడిరెక్కల ప్లేటు వచ్చింది. ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. "గివేనా? ఇండ్ల ఏమున్నదని. మూడు ప్లేట్లు తిన్నా ఆయన పంటి కిందికి గూడ రావు." తినకుండా మళ్లీ ప్లేటులో పెట్టేసి, అన్నీ కట్టిమ్మని చెప్పమంది. నేను బీరు ముట్టలేదు.

"ఏ ఆట ఆడిండు?"

చివరనున్న బౌలింగ్ వైపు చూపించాను. వదిన లేచి అటు నడిచింది. నలభై ఏళ్లు పాలు పిండిన చేతులు కదా, బంతిని ఎత్తి చూద్దామనుకుందేమో. కౌంటర్ దగ్గరున్న అతను ఆమె చెప్పులు చూసి, అలమరా వైపు తిరిగి, "సైజు ఎంతమ్మా?" అన్నాడు. వదిన ఆ బూట్ల వరసలను పై నుంచి కింది దాకా చూసింది.

"ఎవలియి గిన్ని బూట్లు?"

"ఆడటానికి వచ్చినోళ్లకు ఇస్తారమ్మా."

"ఎవలికన్న ఇస్తరా?"

"అడిగితే ఎవరికైనా ఇస్తాం."

వదిన నా వైపు చూడలేదు. "వద్దు బిడ్డా" అని అతనికి చెప్పి, చెయ్యి చాపి బంతిని ఒకసారి తాకి, తలుపు వైపు నడిచింది. నేను రెక్కల డబ్బా పట్టుకుని వెనకే వెళ్లాను.

బయట పూలకుండీలు పెద్దవయ్యాయి. పిట్టగోడ అలాగే ఉంది. వదిన గోడ పొడవునా చూసి, నీడ కొంచెం పడుతున్న చోట కూర్చుంది.

"ఈన్నేనా ఆయన కూసున్నది?"

అవునన్నట్టు తల ఊపాను.

"ఆ రాత్రి ఇంటికొచ్చి, ఏమన్న ఉన్నదా అన్నడు. బార్ల తిన్నవు గద అన్న. గది గాలి తిండి, అన్నం పెట్టు అన్నడు. మూడుసార్లు పెట్టిచ్చుకున్నడు తమ్మీ. కూరగిన్నె ఊడ్చుకున్నడు. నిండిన కడుపు గట్ల తింటదా? లోపలికి పోలేదని ఆ రాత్రే తెల్సింది. ఎందుకు పోలేదో ఇయాల తెల్సింది."

"మరి నన్నెందుకు అడగలేదొదినా?"

"నువ్వే చెప్తవనుకున్న. ఆయన బతికున్నన్ని దినాలు సూసిన. పురానాపూల్ కాడ పిట్ట ముట్టకపోతే, రెక్కలు తెప్పియ్యమన్నది గందుకే. గిప్పుడన్న చెప్తడు, ఆయన ముందట చెప్పుకుంటడు అనుకున్న. నువ్వు ఫోన్ తీసినవు."

ఆమె గొంతులో కోపం ఉంటే తట్టుకునేవాణ్ణి. లేదు. వదిన డబ్బా మూత తీసి, గోడ మీద తన పక్కన పెట్టింది. అన్న కూర్చునేంత చోటు వదిలి పెట్టింది.

"చెప్పు. నాకు గాదు, ఆయనకు."

రోడ్డు మీద బండ్లు పోతున్నాయి. గార్డు మా వైపే చూస్తున్నాడు. నేను ఆ గోడ ముందు నిలబడి, విస్తరి ముందు నిలబడ్డట్టే నిలబడి, పైకే చెప్పాను.

"అన్నా, నిన్ను ఈడ కూసోబెట్టి నేను లోపటికి పోయిన. బూట్లున్నయని తెల్సి గూడ అడగలే. నువ్వు కనవడకుంట కుర్సీ మార్చుకున్న. నువ్వొస్తే నాకు సిగ్గయితదనుకున్న."

ఏడుపు వచ్చేసింది. యాభై ఏళ్లు దాటిన మనిషిని, నడిరోడ్డు మీద, చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. వదిన నన్ను ఓదార్చలేదు. నా ఏడుపు తగ్గాక అడిగింది.

"ఎంతసేపు కూసున్నడు?"

"మూడు గంటలు."

"ఎండల?"

"ఎండలనే."

"మధ్యల ఒక్కపారన్న బయటికొచ్చి నీళ్లిచ్చినవా?"

"లేదొదినా."

వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. కాకి కోసం ఇద్దరం చూశాం. నగరంలో ఆ వైపు కాకులు ఉన్నాయో లేవో నాకు తెలియదు. రాలేదు. పాలు పిండే వేళ అవుతోందని ఆమే లేచింది. డబ్బాను గోడ మీదే వదిలేసి వచ్చాం.

దారిలో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. భుజం మీద చెయ్యి కూడా వేయలేదు, స్కూటర్ వెనకున్న కడ్డీ పట్టుకుని కూర్చుంది. మెహిదీపట్నం, కార్వాన్ దాటాం. పురానాపూల్ మీదికి వచ్చి, అన్నకు విస్తరి పెట్టిన ఒడ్డు కనిపించాక మాత్రం, "జెర మెల్లగ పో" అన్నది.